స్కూల్ ట్యాక్స్ 5 వేలు దాటింది, దానికి తగ్గ చదువు వస్తోందా? డాలస్ వాళ్ళు చెప్పండి

బిల్లు_బాధితుడు:
అందరికీ నమస్కారం. డాలస్ పైన ఒక సబర్బ్‌లో ఉంటాం, ఇల్లు కొని మూడేళ్ళు. మొన్న కౌంటీ నుంచి ప్రాపర్టీ ట్యాక్స్ స్టేట్‌మెంట్ వచ్చింది. మార్కెట్ వాల్యూ 6,20,000 డాలర్లు వేశారు, హోమ్‌స్టెడ్ (మనం ఉండే సొంత ఇంటికిచ్చే మినహాయింపు) 1,40,000 తీసేశాక మిగిలిన 4,80,000 మీద వందకి 1.05 చొప్పున స్కూల్‌కి 5,040. సిటీ, కౌంటీ, కాలేజీ అన్నీ కలిపితే ఎనిమిదిన్నర వేలు, అందులో సగం కంటే ఎక్కువ ఒక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌దే (ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళు నడిపే సంస్థ).

మొదటి ఏడాది బిల్లు చూసి మేము ఎంత మురిసిపోయామో చెప్పలేను, జనవరి 1 నాటికి అక్కడ ఇల్లే లేదు కాబట్టి ఖాళీ స్థలం మీదే వేశారని మాకేం తెలుసు, రెండో ఏడాది ఇంటి మీద పూర్తిగా పడేసరికి ఎస్క్రో (ట్యాక్స్ కోసం నెలనెలా పక్కన పెట్టే డబ్బు) షార్టేజ్ అని లోన్ కంపెనీ వాడు నెల పేమెంట్ 640 డాలర్లు పెంచాడు, ఆ నెల ఇంట్లో జరిగిన మాటల యుద్ధం వేరే పోస్ట్ పెట్టాలి.

సరే అసలు ప్రశ్న. ఇంత కడుతున్నామా, మా వాడి ఐదో క్లాసులో 27 మంది పిల్లలు. ఆగస్టు వచ్చిందంటే పెన్సిళ్ళు, గ్లూ స్టిక్కులు, టిష్యూ డబ్బాలు మేమే కొనివ్వాలి. మ్యాథ్స్ కోచింగ్‌కి నెలకి 180 విడిగా. పైగా పోయిన నెల డిస్ట్రిక్ట్ నుంచి ఈమెయిల్, బడ్జెట్ లోటు ఉంది, లైబ్రరీ స్టాఫ్‌ని తగ్గిస్తున్నాం అని. ఇళ్ళ రేట్లు ఈ పదేళ్ళలో డబల్ అయ్యాయి కదా, మరి వాళ్ళకి లోటు ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు ఎవరు తింటున్నారు? మా నాన్నకి ఫోన్లో చెప్తే "విజయవాడలో ఇంటి పన్నుతో బడికేం సంబంధంరా, గ్రంథాలయం సెస్సు ఒక్కటే కదా కట్టేది, దానికే నేను ఏడుస్తుంటే" అన్నాడు.

కరీంనగర్_పోరడు:
ఎవలు తింటున్నరో గా శుక్రవారం రాత్రి లైట్ల కింద చూడు అన్నా, తెలుస్తది. ఈడ పక్కన ఆలెన్ ఊర్ల 2012ల 60 మిలియన్ డాలర్లు పెట్టి 18 వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టిన్రు, హైస్కూల్ పోరగాండ్లకు. రెండేండ్లు తిరగకముందే 2014ల కాంక్రీట్‌ల పగుళ్ళొచ్చినయని మూసేసిన్రు, మళ్ళ బాగు చేసి తెరిచిన్రు. మన పోరగాండ్లేమో ఆ స్టేడియంల బ్యాండ్ వాయిస్తరు, ఫుట్‌బాల్ ఎవడు ఆడుతున్నడు మనోల్లు. నీ 5 వేలు గా లైట్లకు కరెంట్ బిల్లు అనుకో.

పాత_టెక్సన్:
బాధితుడు గారూ, నేను ఇక్కడికి వచ్చి 22 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళలోనే చదివి బయటపడ్డారు, కాబట్టి కాస్త పెద్ద సోది చెప్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మన కరీంనగర్ తమ్ముడి స్టేడియం సంగతి. మీ స్కూల్ రేటు ఒక్కటి కాదు, రెండు. ఎం అండ్ ఓ అని ఒకటి, అది జీతాలు, కరెంటు, బస్సులు, రోజువారీ ఖర్చు. ఐ అండ్ ఎస్ అని ఇంకోటి, అది బాండ్ల అప్పు తీర్చడానికి. స్టేడియం, కొత్త బిల్డింగ్, రూఫ్, ఇవన్నీ ఓటర్లు ఒప్పుకున్న బాండ్ డబ్బు. ఆ డబ్బుతో టీచర్‌కి జీతం ఇవ్వడం చట్టప్రకారం కుదరదు. అందుకే ఒక పక్క కొత్త జిమ్ కడుతూ ఇంకో పక్క లైబ్రేరియన్‌ని తీసేస్తుంటే జనానికి పిచ్చెక్కుతుంది, నాకూ ఎక్కింది, కానీ అవి రెండు వేర్వేరు జేబులు, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి తీయలేరు. అట్లా అని స్టేడియాన్ని నేను సమర్థించడం లేదు. ఇప్పుడైతే స్టేడియం పెట్టాలంటే బ్యాలెట్‌లో దానికి విడిగా ప్రపోజిషన్ పెట్టాల్సిందే, క్లాస్‌రూముల చాటున దాచడానికి లేదు.

ఇక లోటు సంగతి, ఇదే అసలు కథ. ఇళ్ళ రేట్లు పెరిగితే డిస్ట్రిక్ట్ ధనవంతురాలు అవుతుందని అందరం అనుకుంటాం. కాదు. డిస్ట్రిక్ట్‌కి ఎంత రావాలో స్టేట్ ఫార్ములా తేలుస్తుంది, మీ ఇంటి ధర కాదు. ఒక్కో పిల్లాడికి బేసిక్ అలాట్‌మెంట్ అని ఒక అంకె ఉంటుంది, దాని మీద స్పెషల్ ఎడ్యుకేషన్, పేద పిల్లలు, ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లలు అంటూ కొంత కొంత కలుపుతారు. అది ఒక బిందె అనుకోండి. ముందు మన ప్రాపర్టీ ట్యాక్స్‌తో నింపుతారు, తక్కువైంది ఆస్టిన్ నుంచి, అంటే స్టేట్ గవర్నమెంట్ నుంచి పోస్తారు. మన ట్యాక్స్ పెరిగిందా, ఆస్టిన్ వాళ్ళు పోసేది తగ్గుతుంది, బిందె మాత్రం అంతే. పొంగిపోయిందా, పొంగింది వాళ్ళు పట్టుకెళ్తారు, అదే రికాప్చర్, జనం రాబిన్ హుడ్ అని పిలిచేది. 1989లో ఎడ్జ్‌వుడ్ కేసులో టెక్సస్ సుప్రీం కోర్టు, పేద డిస్ట్రిక్టులకీ డబ్బున్న డిస్ట్రిక్టులకీ ఇంత తేడా రాజ్యాంగ విరుద్ధం అంటే, 1993లో ఈ పద్ధతి పెట్టారు. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. ప్లేనో లాంటి డిస్ట్రిక్టులు ఏళ్ళ తరబడి కడుతూనే ఉన్నాయి, ఆస్టిన్ డిస్ట్రిక్ట్ అయితే అందరికంటే ఎక్కువ.

ఆ బేసిక్ అలాట్‌మెంట్ 2019లో 6,160 డాలర్లు. 2025 వరకూ అదే 6,160. మధ్యలో గుడ్లు, పెట్రోలు, ఇన్సూరెన్స్, బస్ డ్రైవర్ జీతం ఎంత పెరిగాయో మీకు చెప్పక్కర్లేదు. 2025లో హౌస్ బిల్ 2 వచ్చి ఎంత పెంచారో తెలుసా, 55 డాలర్లు. టీచర్ల జీతాలకి విడిగా ఇచ్చారు, ఐదేళ్ళు పైన అనుభవం ఉన్నవాళ్ళకి పెద్ద డిస్ట్రిక్టుల్లో 5,000, అది మంచి పనే, కానీ అది నేరుగా జీతంలోకే పోతుంది, కరెంటు బిల్లుకి పనికిరాదు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మీరు కొన్నది మూడేళ్ళ కింద కాబట్టి మీకు తెలియదు, 2018లో మా ఏరియాలో స్కూల్ రేటు వందకి 1.40 పైన ఉండేది. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఒకప్పుడు 25 వేలు, తర్వాత 40, 2023లో లక్ష, ఇప్పుడు లక్షా 40 వేలు. ఈ ఆఖరి 40 వేల వల్లే మీకు ఈ ఏడాది 420 డాలర్లు మిగిలింది లెక్కేసుకోండి. అంటే ట్యాక్స్ తగ్గించడానికి స్టేట్ బిలియన్లు పోస్తోంది, 2023 ప్యాకేజీ ఒక్కటే 18 బిలియన్లు, కానీ అది మన జేబుకి, క్లాస్‌రూముకి కాదు. నాకూ సంతోషమే, ఎవడికి చేదు. కాకపోతే లైబ్రేరియన్ పోతోందని ఏడ్చేటప్పుడు ఆ 420 కూడా గుర్తుపెట్టుకోవాలి.

బిల్లు_బాధితుడు:
అన్నా థాంక్స్, ఈ బిందె సంగతి ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళు. అంటే నేను 5,040 కట్టినా 7,000 కట్టినా మా వాడి క్లాసులో ఏం మారదా???

పాత_టెక్సన్:
రమారమి మారదు. మారాలంటే డిస్ట్రిక్ట్ ఓటర్లని అడిగి రేటు ఒక రెండు మూడు సెంట్లు పెంచుకోవచ్చు, ఆ మొదటి కొన్ని సెంట్లకి రికాప్చర్ ఉండదు, డబ్బు ఇక్కడే ఉంటుంది. 2024 నవంబర్‌లో ఫ్రిస్కోలో అదే అడిగారు, దాంతోపాటు బిలియన్ డాలర్ల పైన బాండ్లు కూడా. అన్నీ ఓడిపోయాయి. బాండ్ల బ్యాలెట్ మీద పెద్దక్షరాల్లో "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని రాసి ఉండాలని 2019 చట్టం, రేటు పెరగకపోయినా సరే రాయాల్సిందే, అది చదివాక ఎవడు వేస్తాడు ఓటు.

ఎడిసన్_అన్న:
5,040కే ఏడుస్తున్నారా బాబూ. మేము న్యూజెర్సీలో. స్టేట్ మొత్తం మీద సగటు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు 2024లో 10,000 దాటింది, అందులో సగం పైనే స్కూళ్ళకి. మా ఎడిసన్ వైపు రా, 12 వేలు 14 వేలు కట్టేవాళ్ళు వీధికి పది మంది కనిపిస్తారు. పైగా మాకు స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా ఉంది, మీకు లేదు. 1976లో ఆ ఇన్‌కమ్ ట్యాక్స్ పెట్టిందే ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించడానికట, నవ్వకండి.

కానీ నిజం చెప్పాలంటే మా దగ్గర ఒక్కో పిల్లాడి మీద 20 వేల పైన ఖర్చు పెడతారు, అది క్లాసులో కనిపిస్తుంది కూడా. నాకు మండేది ఎక్కడంటే, ఇంత చిన్న స్టేట్‌లో దాదాపు 600 స్కూల్ డిస్ట్రిక్టులు. పక్కపక్క ఊళ్ళు, కారులో అయిదు నిమిషాలు, ఒక్కోదానికి ఒక సూపరింటెండెంట్, ఒక బిజినెస్ అడ్మినిస్ట్రేటర్, ఒక లాయరు. మన పల్లెల్లో రెండిళ్ళకి ఒక బావి తవ్వినట్టు. కలపండి అంటే ప్రతి ఊరూ మా స్కూల్ మాదే అంటుంది, ఎందుకంటే పక్క ఊరితో కలిస్తే ఇంటి రేటు పడిపోతుందని భయం. స్కూల్ కోసం ఇల్లు కొన్నాం అంటారు కానీ నిజానికి ఇంటి రేటు కోసం స్కూల్‌ని మోస్తున్నాం.

ఒక్క ఊరట ఏంటంటే ఫెడరల్ రిటర్న్‌లో సాల్ట్ లిమిట్ (స్టేట్, లోకల్ ట్యాక్సులు ఎంతవరకు తీసేసుకోవచ్చో ఆ హద్దు) 10,000 నుంచి 2025కి 40,000 చేశారు, మా లాంటోళ్ళకి కొంచెం ఊపిరి ఆడుతోంది.

కరీంనగర్_పోరడు:
ఎడిసన్ అన్న బిల్లు సూసినంక నాకు నా బిల్లు మీద ప్రేమ పుట్టింది 😄

బుజ్జిగాడి_అమ్మ:
ఇది చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. అందరూ క్లాసులో ఎంతమంది, ర్యాంకు ఎంత, కోచింగ్ ఎంత అనే లెక్కలే వేస్తున్నారు. మా బాబుకి మూడేళ్ళప్పుడు మాటలు రాలేదు. నీళ్ళు కావాలంటే చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు అంతే. ఇండియాలో మా అత్తగారు మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయి అనేవారు. డాక్టర్ గారు మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఫోన్ చెయ్యండి అంటే నాకు అర్థం కాలేదు, స్కూల్‌లో ఇంకా చేర్చలేదు కదా అని. అప్పుడు మాకు సొంత ఇల్లు కూడా లేదు, అపార్ట్‌మెంట్‌లో అద్దెకి, మా ఆయన హెచ్ వన్, నేను హెచ్ ఫోర్. పేపర్లు ఏం అడగలేదు, కరెంటు బిల్లు చూపించమన్నారు, అడ్రస్ కోసం.

టెస్ట్ చేసి మీటింగ్ పెట్టారు, ఏఆర్‌డీ అంటారు టెక్సస్‌లో, టేబుల్ చుట్టూ ఆరుగురు కూర్చుని మా బుజ్జిగాడి గురించే గంటసేపు మాట్లాడారు. మూడేళ్ళకే స్కూల్, అందులోనే స్పీచ్ థెరపీ, బస్సు ఇంటి ముందుకి వచ్చేది. ఒక్క డాలర్ కట్టలేదు. బయట ప్రైవేట్ థెరపిస్ట్ గంటకి 140 అడిగింది మమ్మల్ని, వారానికి రెండు గంటలు అనుకున్నా లెక్కేసుకోండి. ఆ స్పీచ్ టీచర్ మొదటి రోజే అడిగింది, ఇంట్లో ఏ భాష అని. తెలుగు అంటే, ఆపొద్దు, ఇంట్లో తెలుగే మాట్లాడండి అంది. నేనేమో అప్పటికే భయపడి ఇంగ్లీష్ మొదలుపెట్టా, నా ఇంగ్లీష్‌తో వాడు ఇంకా కంగారు పడేవాడు పాపం. బొమ్మల కార్డుల మీద ఆవిడ నా చేత తెలుగు మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాయించుకుంది, అరటిపండు, బండి, కుక్క, ఆవిడ "అరాటీ పాండూ" అంటుంటే వాడు నవ్వేవాడు, ఆ నవ్వులోనే ఒకరోజు "పండు" అన్నాడు.

ఇప్పుడు మాకు ఇల్లు ఉంది, ఏడాదికి 4 వేల చిల్లర స్కూల్ ట్యాక్స్ కడుతున్నాం. ఎవరి ట్యాక్స్‌తోనో మా వాడికి మాటలు వచ్చాయి, నాకు మాత్రం ఆ లైన్ చూస్తే కోపం రాదు. ఇంకెవరికీ కోపం రావొద్దని కాదు, నా సంగతి చెప్పాను.

సబ్_టీచరమ్మ:
బుజ్జిగాడి అమ్మా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. నేను రెండేళ్ళుగా సబ్‌స్టిట్యూట్‌గా (టీచర్ రాని రోజు బదులుగా) వెళ్తున్నా, ఈఏడీ, అదే వర్క్ పర్మిట్, వచ్చాక. రోజుకి 110 డాలర్లు, పెట్రోలు పోను మిగిలేది చెప్పుకోవద్దు. లోపలి నుంచి చూసింది చెప్తా. కిండర్ నుంచి నాలుగు వరకూ క్లాసుకి 22 మంది దాటకూడదని టెక్సస్‌లో చట్టం ఉంది, కానీ డిస్ట్రిక్ట్ వెయివర్ అడిగితే ఇస్తారు, అడుగుతూనే ఉంటారు. ఐదు నుంచి ఆ లిమిట్ కూడా లేదు, అందుకే బాధితుడు గారి బాబు క్లాసులో 27. నేను వెళ్ళే ఒక స్కూల్లో జెరాక్స్ మెషీన్‌కి టీచర్‌కి నెలకింత అని కోడ్ పెట్టారు, నెలాఖరుకి కాపీలు అయిపోతే టీచర్లు ఒకరి కోడ్ ఒకరు అడుక్కుంటారు, మనం పక్కింట్లో పంచదార అడిగినట్టు.

అసలు మన తెలుగువాళ్ళకి ఒక మాట చెప్పాలి, ఎవరూ తిట్టొద్దు. టెక్సస్‌లో డబ్బు వచ్చేది ఎంతమంది చేరారు అన్న లెక్క మీద కాదు, రోజూ ఎంతమంది వచ్చారు అన్న సగటు మీద. మీ పిల్లాడు రాని రోజుకి ఆ రోజు డబ్బు రాదు, టీచర్ జీతం, ఏసీ, బస్సు మాత్రం ఆగవు. డిసెంబర్ సెలవులకి రెండు వారాలు ఇస్తారు, మనం టికెట్ చవక అని వారం ముందు ఎక్కి, సంక్రాంతి చూసుకుని జనవరి 20కి దిగుతాం. జనవరిలో నేను వెళ్ళిన ఒక క్లాసులో ఎనిమిది కుర్చీలు ఖాళీ, పేర్లు చదువుతుంటే అన్నీ మన పేర్లే. తర్వాత వాళ్ళ అమ్మానాన్నలే వాట్సాప్ గ్రూపులో లైబ్రేరియన్‌ని ఎందుకు తీశారు అని కొట్లాట.

కరీంనగర్_పోరడు:
అక్కా గట్ల మొఖం మీద కొట్టినట్టు చెప్తే ఎట్ల. జనవరి ఫస్ట్ వీక్ టికెట్ 2,400 ఉంటది, డిసెంబర్ 12కి 1,500. నలుగురికి లెక్క పెట్టు, గా మిగిలిన పైసలల్ల ఇంకో ఆర్నెళ్ళ కోచింగ్ ఎల్తది.

నాది ఇంకో బాధ. పైసలు కట్టుడు అందరం కడతం, గ్రీన్ కార్డ్ లేనోడు కూడా ఒక్క డాలర్ తక్కువ కట్టడు, ఓటు మాత్రం సిటిజన్లకే. గ్రీన్ కార్డ్ లైన్ల నాది 2014 ప్రయారిటీ డేట్, నా బిడ్డ కాలేజీకి పోయినంక కూడా నాకు ఓటు వస్తదో రాదో.

పాత_టెక్సన్:
తమ్ముడూ అది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఓటు ఉన్న మనవాళ్ళ సంగతి చెప్పనా? మే నెల శనివారం స్కూల్ బోర్డ్ ఎలక్షన్, మా వీధిలో తెలుగు సిటిజన్లు తొమ్మిది ఇళ్ళు, నేను ఇల్లిల్లూ అడిగా, ముగ్గురు వెళ్ళారు. మిగతావాళ్ళకి ఎలక్షన్ ఉందనే తెలియదు, ఆ రోజు క్రికెట్ లీగ్ మ్యాచ్ ఉందని మాత్రం తెలుసు.

ఓటు లేకపోయినా ఒకటి చెయ్యొచ్చు. బోర్డ్ మీటింగ్‌లో మాట్లాడడానికి సిటిజన్ అక్కర్లేదు. పేరు రాసిస్తే మైకు ఇస్తారు, మా దగ్గర మూడు నిమిషాలు. 2024లో ప్లేనోలో నాలుగు స్కూళ్ళు మూసెయ్యాలని బోర్డ్ ఓటు వేసినప్పుడు జనం వచ్చి ఏడ్చారు, మూత ఆగలేదు, పిల్లలు తగ్గిపోయారు మరి, ఇళ్ళు పాతబడి పిల్లలున్న వాళ్ళు కొనలేని రేట్లకి పోయాయి. అది కూడా గుర్తుంచుకోండి, ఇవాళ మన కొత్త సబర్బ్, రేపు మనదీ ప్లేనోయే.

ఎడిసన్ గారి మాటకి ఒకటి కలపాలి. మంచి స్కూల్ అని ఎక్కువ రేటుకి ఇల్లు కొంటాం కదా, ఆ మంచి స్కూల్లోనే మా పెద్దది టాప్ టెన్ పర్సెంట్‌లో లేకుండా పోయింది (ఇక్కడ స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా సీటు ఆ ర్యాంకును బట్టే), క్లాసులో సగం మంది దానిలాగే చదువుతారు. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి టాప్ 5 పర్సెంట్‌కే. అదే పిల్ల ఒక మామూలు స్కూల్లో ఉంటే సులువుగా వచ్చేది. లక్ష డాలర్లు ఎక్కువ పెట్టి ర్యాంకు పోగొట్టుకున్నాం అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఎడిసన్_అన్న:
వోచర్ల సంగతి ఏంటి అక్కడ? ఏదో బిల్లు పాసైందన్నారు.

పాత_టెక్సన్:
అయ్యింది, 2025లో సెనేట్ బిల్ 2. మొదటికి బిలియన్ డాలర్లు, ప్రైవేట్ స్కూల్‌కి వెళ్ళే పిల్లాడికి ఏడాదికి సుమారు 10 వేలు, 2026-27 నుంచి. డాలస్‌లో పేరున్న ప్రైవేట్ స్కూల్ ఫీజు 30 వేలు పైన, మిగతా 20 ఎవరిస్తారు? నాకైతే అది ఎవరికి పనికొస్తుందో చూశాక మాట్లాడతా.

బిల్లు_బాధితుడు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి మా ఆవిడా నేనూ కూర్చుని మొత్తం చదివాం. బుజ్జిగాడి అమ్మ గారి మెసేజ్ తను రెండుసార్లు చదివింది. నా కోపం ఇంకా పోలేదు కానీ ఎవరి మీద పడాలో మారింది, ఇన్నాళ్ళు ప్రిన్సిపాల్ మీద పళ్ళు నూరా, ఆవిడ చేతిలో ఏం లేదని అర్థమైంది.

సబ్ టీచరమ్మ గారూ, మీ మాట దెబ్బ మా ఇంటికే తగిలింది. డిసెంబర్ 11కి నాలుగు టికెట్లు బుక్ చేసి ఉన్నాం, తిరుగు జనవరి 18. వెళ్ళేటప్పటి తేదీ మార్చాలంటే మనిషికి 275 అడుగుతున్నాడు. వచ్చేటప్పుడు మాత్రం జనవరి 11కి మారుద్దామా అంటే మా అమ్మ "భోగి మంట చూడకుండా పిల్లాడు వెళ్తాడా" అని ఫోన్లో మొదలుపెట్టింది. ఇప్పుడు డిస్ట్రిక్ట్‌కి నచ్చజెప్పాలా మా అమ్మకి నచ్చజెప్పాలా, ఇది చెప్పండి ముందు.

సబ్_టీచరమ్మ:
అమ్మకి చెప్పగలిగితే నాకూ చెప్పండి, మా అత్తగారి మీద వాడుకుంటా. మావి కూడా జనవరి 17వే.